పాత స్ప్లెండర్ జాతకం

కల్హేర్ వైపు పాత బండి బేరానికి వస్తే మొదట మాట్లాడేది నంబరు ప్లేటే. ఏపీ 23 అంటే ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ జిల్లా బండి, 2014 జూన్‌కు ముందు రిజిస్టరైనది. టీఎస్ 15 అంటే తెలంగాణ వచ్చాకది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతది. అంత కొత్తది అప్పుడే అమ్మకానికి ఎందుకొచ్చిందో అడగాల్సిందే. సంగారెడ్డి జిల్లా ఉత్తరపు అంచు కాబట్టి ఇటు బీదర్ కేఏ 38, అటు నాందేడ్ ఎంహెచ్ 26 కూడా కనిపిస్తాయి. ప్లేటు మీద ఏ అక్షరాలున్నా దాని వెనక ఉన్న యంత్రం మాత్రం చాలాసార్లు ఒకటే: గాలికి చల్లబడే, నాలుగు గేర్ల, 97.2 సీసీ ఇంజను. స్ప్లెండరో, ప్యాషనో, హెచ్‌ఎఫ్ డీలక్సో, పేరు ఏదైతేనేం.

ఈ ఇంజను వంశం జపాన్‌ది. 1958లో సోయిచిరో హోండా కంపెనీ సూపర్ కబ్ అనే చిన్న బండిని తెచ్చింది. ఇంజను 50 సీసీకి కాస్త తక్కువ. సిలిండరు నిటారుగా నిలబడకుండా ముందుకు వాలి పడుకుని ఉంటుంది. 2017 నాటికి పది కోట్లు తయారైన బండి అది. ఆ పడుకున్న సిలిండరే పెరిగి పెద్దదై మన దేశానికి వచ్చింది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. గుణించి చూసుకుంటే సరిగ్గా 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది.

1980ల తొలినాళ్లలో ప్రభుత్వం 100 సీసీ లోపు బండ్లకు విదేశీ కంపెనీలతో పొత్తును అనుమతించింది. లూధియానాలో సైకిళ్లు చేస్తున్న హీరో కంపెనీ తరఫున బ్రిజ్‌మోహన్ లాల్ ముంజాల్ 1984లో హోండాతో చేయి కలిపారు. మరుసటి ఏడాది హర్యానాలోని ధారూహెడా నుంచి సీడీ 100 బయటికొచ్చింది. అప్పుడే వచ్చిన పోటీ బండ్లు, అంటే యమహా ఆర్‌ఎక్స్ 100, సుజుకీ ఏఎక్స్ 100, కవాసాకీ కేబీ 100, అన్నీ టూ స్ట్రోకులు. సీడీ 100 ఒక్కటే ఫోర్ స్ట్రోక్. కుర్రకారు ఆర్‌ఎక్స్ చప్పుడుకు మనసిచ్చారు. పాలవాళ్లు, మాస్టార్లు, పంచాయతీ గుమస్తాలు మాత్రం లీటరుకు 80 కిలోమీటర్లన్న ప్రకటన వైపు చూశారు. 1994లో అదే ఇంజనుకు స్ప్లెండర్ అనే కొత్త ఒళ్లు వచ్చింది. 2010 డిసెంబరులో రెండు కంపెనీలూ విడిపోతామని ప్రకటించాయి. ట్యాంకు మీద పేరు మారింది, ఇంజను మారలేదు.

పాత బండి కొనేవాడికి అసలు చిక్కు ఈ మారకపోవడంలోనే ఉంది. దశాబ్దాల పాటు దాదాపు ఒకే కొలతలతో వచ్చింది కాబట్టి దీని సామాను ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, ఏ మెకానిక్ చెయ్యైనా దీని మీద తిరుగుతుంది. నడిరోడ్డు మీద ఆగిపోయినా గంటలో ఇంటికి చేరుస్తుంది. అదే కారణంగా 2009 బండికి 2016 ట్యాంకు, కొత్త స్టిక్కరు, కొత్త సీటు కవరు, కొత్త మీటరు తొడిగి నిలబెట్టడమూ తేలికే. బాగుచేయడానికి ఉన్న సులువే ముస్తాబుకూ పనికొస్తుంది. కాబట్టి చూడాల్సింది మెరిసేవాటిని కాదు, ఎవరూ మార్చనివాటిని, మార్చడానికి గిట్టుబాటు కానివాటిని.

మార్చనిది మొదట చాసిస్. హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద 17 అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. ఎంబీఎల్ అని మొదలైతే హీరో బండి. పదో స్థానంలో ఉన్న అక్షరం తయారీ ఏడాది: 2010కి ఏ, 2011కి బీ, అలా లెక్కిస్తే 2017కి హెచ్. ఐ, ఓ, క్యూ అక్షరాలు అంకెల్లా కనిపిస్తాయని ఈ వరసలో వాడరు. గుడ్డతో మట్టి తుడిచి చదివి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చాలి. అక్షరాల చుట్టూ గీకిన గుర్తులున్నా, అంతా పాతబడిన ఫ్రేములో అక్కడొక్కచోటే కొత్త పెయింట్ ఉన్నా బేరం అక్కడితో ఆపేయొచ్చు.

ఏడాది తెలిశాక మిగతా ఒళ్లంతా దానితో సరిపోలుతుందా అని చూడటమే. ఇందులో చట్టాలు మనకు సాయం చేస్తాయి. 2017 ఏప్రిల్ నుంచి అమ్మిన బండికి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చి ఉండదు, ఇంజను నడిచినంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది. 2019 ఏప్రిల్ తర్వాతిదైతే వెనక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పట్టాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కార్బురేటర్ పోయింది, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టర్ వచ్చింది. లైటు స్విచ్చి ఉన్న బండిని 2018 మోడల్ అని చెబితే, చెప్పిన ఏడాదైనా తప్పు, స్విచ్చి సెట్టయినా వేరే బండిది. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. మూడేళ్ల బండికి పదేళ్ల నాటి టైరు ఉంటే, కొత్త టైర్లు ఎవరి బండికి పోయాయో అమ్మేవాణ్ని నవ్వుతూనే అడగొచ్చు.

మీటరు చెప్పే కిలోమీటర్లను నేను చివరన వింటాను. పాత స్ప్లెండర్‌లో ముందు చక్రం దగ్గర్నుంచి ఒక తీగ తిరుగుతూ వచ్చి మీటరులోని అంకెల చక్రాలను తిప్పుతుంది. ఆ తీగ ఊడదీస్తే బండి నడుస్తుంది, లెక్క నడవదు. అంకెల మీటర్లొచ్చాక తీగ పోయిందే గానీ లెక్క మార్చేవాళ్లు పోలేదు. కిక్ రాడ్డు రబ్బరు, గేరు లివరు కొస, బ్రేకు పెడలు మీది గీతలు మాత్రం అబద్ధమాడవు. 18 వేల కిలోమీటర్లు చూపించే బండిలో పెడలు నున్నగా అద్దంలా అరిగితే లెక్క తప్పినట్టే. టాప్ గేరులో కిలోమీటరు నడిస్తే ఈ ఇంజను సుమారు 6 వేల చుట్లు తిరుగుతుంది. 50 వేల కిలోమీటర్లంటే 30 కోట్ల చుట్లు, అందులో సగం సార్లు సిలిండరులో మంట. అంత పని చేసిన యంత్రం ఎక్కడో ఒకచోట ఆ సంగతి చెప్పక మానదు.

ఇంజను దగ్గరికి వెళ్లగానే చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోగా ఎవరో స్టార్ట్ చేసి ఉంచారు. టీ తాగొస్తానని చెప్పి అరగంట ఆగండి. చల్లటి ఇంజనులో ఆయిలు చిక్కగా ఉంటుంది, పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, అరిగిన భాగాల మధ్య సందులు కూడా ఎక్కువగా వినిపిస్తాయి. వేడెక్కితే ఇవన్నీ కొంత సర్దుకుంటాయి. అమ్మేవాడికి కావాల్సింది ఆ సర్దుబాటే.

స్టార్ట్ చేయకముందు ఇంకో పరీక్ష ఉంది. తెలిసిన మెకానిక్ పక్కనుంటే, “అన్నా, తొక్కకు. చేత్తో మెల్లగ నొక్కు, ఎక్కడ ఆగుతదో చూడు” అంటాడు. కిక్ రాడ్డును అరచేత్తో నెమ్మదిగా దించితే ఒకచోట గట్టిగా ఎదురు తిరగాలి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని, సిలిండరులోని గాలిని పిస్టన్ దాదాపు తొమ్మిదో వంతుకు కుదిస్తోంది. ఆ ఎదురు లేకుండా రాడ్డు జారిపోతే గాలి పిస్టన్ రింగుల పక్కనుంచో వాల్వుల సందులోంచో తప్పించుకుంటోంది. బోరు పని దగ్గర పడిందని అర్థం. పనిముట్లేవీ లేకుండా ఇంజను ఊపిరి కొలిచే పద్ధతి ఇంతకంటే చౌకగా లేదు.

ఇప్పుడు స్టార్ట్ చేసి పొగ చూడాలి. టూ స్ట్రోక్ బండిలో ఆయిలును పెట్రోలుతో కలిపే కాలుస్తారు, నీలం పొగ దాని పుట్టుక లక్షణం. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు కింద గదిలో తిరుగుతూ ఉండాలి, మంటలోకి రాకూడదు. అందుకే స్ప్లెండర్ సైలెన్సర్ నుంచి వచ్చే నీలం పొగ జబ్బు గుర్తు. స్టార్ట్ కాగానే ఒక్కసారి ఉబికి ఆగిపోతే వాల్వు కాడల రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయి, రాత్రంతా కొద్దికొద్దిగా కారిన ఆయిలు కాలుతోంది. అది చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వస్తే రింగులు, బోరు, అంటే పెద్ద ఖర్చు. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైంది. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము నిండినా ఇలాగే అవుతుంది. ఇక చలికాలం పొద్దున వచ్చే తెల్లటి ఆవిరికి భయపడొద్దు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోలులోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలవడం వల్ల వచ్చిన నీళ్లవి. సైలెన్సర్ వేడెక్కాక ఆవిరి కనబడదు.

ఇంజను కన్నా నారాయణఖేడ్ చుట్టుపక్కల బండ్లను ఎక్కువగా అలసగొట్టేది బరువు. యూరియా బస్తా 45 కిలోలు. రెండు బస్తాలు వెనక వేసుకుని నల్లరేగడి చేనుగట్టు మీద నడిస్తే ఆ బరువు వెనక ఇరుసుకు ఇంకా వెనక్కి పడుతుంది. ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది, వెనక షాకప్‌లు అడుగంటుతాయి, చువ్వలు వదులవుతాయి, సీటు కింద ఫ్రేము అతుకుల దగ్గర వెంట్రుక లాంటి పగుళ్లు పుడతాయి. సీటు తీయించి అక్కడ చూడాలి. కొత్త వెల్డింగ్ మచ్చ కనిపిస్తే బండి ఏ పని చేసి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ బుష్‌ల అరుగుదల చేతికి తెలుస్తుంది.

చైను వెనక స్ప్రాకెట్‌ను చుట్టి ఉన్న చోట, సరిగ్గా వెనకవైపు నుంచి పట్టుకుని లాగండి. పంటి మీద నుంచి సగం దాకా పైకి లేస్తే చైను, స్ప్రాకెట్లు మొత్తం సెట్టు మార్చాలి. చైను సాగిందంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి లింకులో పిన్నూ బుష్షూ కొద్దికొద్దిగా అరిగి, 12.7 మిల్లీమీటర్లుండాల్సిన ఎడం పెరుగుతుంది. వందకు పైగా లింకుల్లో ఆ కొంచెం కూడి వేలెడంత అవుతుంది. రేగడి దుమ్ము ఆయిలుతో కలిస్తే గరుకు కాగితం పని చేస్తుంది.

పడిన బండిని పట్టేది ఇంకా తేలిక. ఎక్కడైనా నీళ్లుంటే అందులోంచి నిదానంగా తిన్నగా నడిపించి, పొడి నేల మీద వచ్చిన చారలు చూడాలి. వెనక చక్రం ముందు చక్రపు జాడలోనే నడవాలి. పక్కకు తప్పితే ఫోర్కు పైపులో, ఫ్రేములో, లేదా చైను సరిచేసేటప్పుడు ఇరుసు బిగించడంలో వంకర ఉంది. ఇరుసుదైతే పానాతో పోతుంది. ఫ్రేముదైతే ఆ బండి మీది కాదు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను ఒక వేలితో తిప్పినప్పుడు సరిగ్గా నడిమిలో టక్కున ఆగినట్టనిపిస్తే బాల్ రేసుల్లో గుంతలు పడ్డాయి. గుంతల రోడ్ల మీద ఏళ్ల తరబడి తిన్నగా పోయిన బండికది మామూలే. మార్చితే పోతుంది, ధరలో తగ్గించుకుంటే చాలు.

కాగితాల్లో ఇరుక్కున్న బండి కంటే పొగ కక్కే బండే నయం అనిపిస్తుంది నాకు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరిందని ఫారం 35 కావాలి. యాజమాన్యం మారడానికి ఫారం 29, ఫారం 30. బీదర్, నాందేడ్ బండైతే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28, అంటే ఎన్‌వోసీ, దానిమీద మన రాష్ట్రంలో కట్టాల్సిన జీవితకాల పన్ను. ధర తక్కువని తెచ్చుకున్నాక ఈ పన్ను చూసి కళ్లు తేలేసినవాళ్లున్నారు. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. 2010 నాటి ఏపీ 23 బండికి 2025లోనే ఆ గడువు వచ్చేసింది. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఏళ్లకేళ్లు తిప్పే అలవాటు మనవైపు ఉంది. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకు చెప్పాలని చట్టం. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కాబట్టి పేరు మార్పించమని కొనేవాడికంటే ఎక్కువ తొందరపడాల్సింది అమ్మేవాడు.

ఇదంతా చూసి బయాన ఇచ్చి బండి తెచ్చుకున్నాక మెకానిక్ చేసే మొదటి పని ఆయిలు మార్చడం. ఈ ఇంజనులో పట్టేది లీటరు లోపే, కాగితపు ఫిల్టరు కూడా ఉండదు. క్రాంక్‌తో పాటు గిర్రున తిరిగే చిన్న గిన్నె ఉంటుంది. ఆయిలు దాంట్లోంచి పోతున్నప్పుడు బరువైన మడ్డి, లోహపు రజను అంచుకు విసిరేసినట్టు వెళ్లి అంటుకుంటాయి. కుడిపక్క కవరు విప్పి ఆ గిన్నె మూత తీస్తే పాత యజమాని ఆయిలు మార్చాడా లేదా, ఇంజను ఎంత అరిగిందీ మడ్డి మందంలో కనిపిస్తుంది. కిలోమీటర్ల మీటరు కన్నా, సర్వీసు బుక్కు కన్నా నమ్మదగ్గ సాక్ష్యం అదే. చిక్కల్లా ఒకటే, డబ్బులు లెక్కపెట్టి తీసుకోకముందు ఆ కవరు విప్పనిచ్చే అమ్మకందారు ఎక్కడా ఉండడు.