ఎండ్రకాయ మీద పువ్వు కాపురం!

ఒకదానికి ఇల్లు లేదు. రెండోదానికి నడక సరిగా రాదు. ఆ రెండూ జట్టు కడితే..? సముద్రం అడుగున నడిచే ఈ కాపురంలో ఎవరు ఎవరో తేల్చడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు తలలు పట్టుకున్నారు!

చిట్టమూరు అనగానే పులికాట్ సరస్సు, చలికాలంలో వాలే ఫ్లెమింగోలే గుర్తొస్తాయి. 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన ఈ మండలం నుంచి తూర్పుగా వాకాడు దాటి వెళ్తే తూపిలిపాళెం తీరం. అలాంటి తీరాల్లో ఇసుక మీద శంఖం తనంతట తానే నడుస్తూ కనిపిస్తే పిల్లలు కేరింతలు కొడతారు. లోపలున్నది సన్యాసి పీత. నెల్లూరు మాటలో చెప్పాలంటే, ఎండ్రకాయకి దూరపు చుట్టం. దాని పొట్ట మెత్తన. అందుకే చచ్చిన నత్త వదిలేసిన గుల్లలో తలదాచుకుంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఇల్లు మారుస్తుంది.

కాస్త లోతు నీళ్లలో ఉండే కొన్ని సన్యాసి పీతల గుల్లల మీద పువ్వులాంటిది ఒకటి అతుక్కుని ఉంటుంది. అది పువ్వు కాదు, సీ అనిమోన్ అనే జంతువు. రేకుల్లా కనిపించే స్పర్శకాల నిండా కుట్టే కణాలే. ఆక్టోపస్ పీతని పట్టబోతే చురుక్కుమంటుంది! బదులుగా అనిమోన్‌కి ఊరేగింపు, పీత తినగా మిగిలిన తిండి.

సామాన్లతో సహా...
ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దాకా కనిపించే కాలియాక్టిస్ పాలిపస్ అనే అనిమోన్‌ది మరీ చిత్రం. ఇల్లు మారేటప్పుడు పీత దాన్ని కాళ్లతో, డెక్కలతో మెల్లగా తడుతుంది. అది పట్టు సడలించగానే తీసి కొత్త గుల్ల మీద పెట్టుకుంటుంది.

పేరు పెట్టడమే కష్టం
అనిమోన్‌కి ఎముక లేదు, పెంకు లేదు. నేరుగా స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుని ముద్దయిపోతుంది. అందుకే ముందు మత్తిస్తారు. తర్వాత పలుచగా కోసి లోపలి నిలువు పొరల్ని లెక్కిస్తారు. కుట్టే కణాల ఆకారం, కొలతలు చూస్తారు. రంగును నమ్ముకుంటే అంతే సంగతులు!

పొరపాట్లు పెద్దవాళ్లకీ తప్పలేదు. 1903లో అమెరికా శాస్త్రవేత్త విలియం డాల్ హవాయి దగ్గర దొరికిన బంగారు రంగు గుల్లని కొత్త రకం నత్త అనుకుని స్టైలోబేట్స్ అని పేరు పెట్టారు. నిజానికి దాన్ని కట్టింది నత్త కాదు, పీత మీదున్న అనిమోన్! ఆ చిక్కుముడి పూర్తిగా వీడింది 1980లో. అదే కుటుంబంలో మరో జాతిని 2022లో జపాన్‌లో గుర్తించారు.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. 1969లో ఎ.హెచ్.పారులేకర్ సన్యాసి పీతల మీద బతికే ఓ అనిమోన్‌కి నియోఐప్టాసియా కమెన్సలి అని పేరు పెట్టారు. సహవాసి అన్నమాట. 2009లో సింగపూర్‌లో దాని తోబుట్టువులాంటి జాతి ఒకటి బయటపడింది. అయితే అది ఉన్నది బతికున్న నత్త మీద! అంటే చిరునామా చూసి చుట్టరికం కలపడం కుదరదు. ఇంటర్ జువాలజీలో చదువుకునే ఎడాంసియా కూడా యూరప్ వైపు సముద్రాల్లోదే.

పేరుంటేనే లెక్క
పేరెందుకు అంటారా? మరబోట్ల వలల్లో చేపలతోపాటు ఇలాంటివెన్నో పైకొస్తాయి. అమ్ముడుపోనివి పారేస్తారు. ఏ జాతో తెలిస్తేనే తగ్గుతోందో పెరుగుతోందో చెప్పగలం. పేరులేని జీవి కనుమరుగైనా ఎవరి లెక్కలోకీ రాదు.

ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు అందమైన శంఖం దొరికితే ఒక్కసారి చూసి అక్కడే వదిలేయండి. మనకది షోకేసులో బొమ్మ. ఓ పీతకి సొంతిల్లు. కలిసొస్తే... ఓ పువ్వుకి వాహనం!