చుట్టి దాచే సుందరి

పలాస, టెక్కలి వైపు ఇళ్లలో గోడకో మేకు, మేకుకో క్యాలెండరు. దాని మీద లక్ష్మీదేవి ఉన్నా సినిమా తార ఉన్నా, ఒకసారి ఎక్కితే ఏడాది దాకా దిగదు. ఉప్పుగాలికి రంగు వెలిసినా అక్కడే. జపానువాళ్లు తమ పటాన్ని అలా వదిలేయరు. పట్టు మీదో కాగితం మీదో బొమ్మ వేసి, వెనక కాగితాలు అతికించి, అడుగున గుండ్రటి కర్ర బిగిస్తారు. పేరు కకెమొనో. దాన్ని వేలాడదీయడానికి గదిలో తొకొనొమా అని ప్రత్యేకంగా ఒక గూడు. రుతువు మారగానే ఆ పటాన్ని చుట్టి పెట్టెలో పెడతారు, ఇంకొకటి తీస్తారు. రంగూ నిలుస్తుంది, చూసే కంటికీ మొహం మొత్తదు.

ఈ పటాల్లో అందగత్తెల బొమ్మలను బిజింగా అంటారు. కొత్తగా చూసేవాళ్లకు ముఖాలన్నీ ఒక్కలాగే ఉంటాయి: సన్నటి కళ్లు, చిన్న నోరు. ముఖం దగ్గర ఆగిపోతే బొమ్మ అందదు. కట్టు చూడాలి, నిలబడిన తీరు చూడాలి. 1694లో కన్నుమూసిన హిషికవా మొరొనొబు గీసిన ‘వెనుదిరిగి చూసే సుందరి’ మనకు దాదాపు వీపే చూపిస్తుంది. పూలు అద్దిన ఎర్ర కిమోనో, వెనక ముడి వేసిన నడికట్టు, నడుస్తూ నడుస్తూ తిప్పిన మెడ. అంతే! ఆ పటం ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. 1948లో తపాలా బిళ్ల మీదికీ ఎక్కింది. అప్పటి బిజింగాల్లో చాలావరకు ఎదో (నేటి టోక్యో) నగరపు వేశ్యావాటికల స్త్రీలే. కొత్త కట్టు, కొత్త కొప్పు ఊరికి తెలిసేది వాళ్ల బొమ్మల వల్లే.

మనకు ఆ పని చేసిపెట్టినవారు వడ్డాది పాపయ్య (వపా). 1921లో శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా ఉంటూ ‘చందమామ’, ‘యువ’ పత్రికలకు బొమ్మలు వేశారు. రుతువులూ రాగాలూ ఆయన చేతిలో ఆడరూపం దాల్చాయి. జపాను తడిరంగుల పద్ధతి మన దేశానికి వచ్చిన దారి వేరు: 1903లో జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చినప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని అందుకున్నారు. వపా బొమ్మలకూ బిజింగాకూ నాకు కనిపించే చుట్టరికం రంగుల్లో కంటే రుతువులో ఉంది. రెండు చోట్లా కాలం చెప్పాకే మనిషిని చెబుతారు.

ఒక్కటే వెలితి. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడినూనెకు నల్లబడతాయి. అలాంటి చెయ్యి ఇక్కడా అక్కడా నాకు తగల్లేదు. దాని దగ్గరికి వచ్చింది ఉఎమురా షోఎన్ అనే చిత్రకారిణి. 1943లో ఆమె వేసిన ‘శరదంతం’లో ఓ గృహిణి తలుపు కాగితానికి పడిన చిరుగు మీద పువ్వులా కత్తిరించిన ముక్క అతికిస్తుంటుంది. 1948లో జపాను ప్రభుత్వం ‘సంస్కృతి పతకం’ ఇచ్చిన తొలి మహిళ ఈ షోఎనే.