చెడకముందే చెత్త

బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ 20వ శతాబ్దపు ఆరంభకాలంలో ఖరగ్‌పూర్‌లో నెలకొల్పిన కార్ఖానా నేటికీ పనిచేస్తున్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో రైల్వే కొలువులనే నమ్ముకొని ఆ బెంగాలీ గడ్డమీద వేళ్లూనుకున్నాయి.

ఆ కార్ఖానాలో జరిగే ముఖ్యమైన పని కొత్త బండ్లను తయారుచేయడం కాదు. నడిచిన బండ్లను బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించడం. రైలు పెట్టె దానంతట అది మొరాయించేదాకా అక్కడ ఆగరు. నిర్ణీత కాలం నడవగానే దాన్ని రప్పించి, చక్రాల చట్రం మీదినుంచి పైకెత్తి, ఇరుసులనూ, స్ప్రింగులనూ, బ్రేకులనూ పరీక్షిస్తారు. అరిగినదాన్ని మారుస్తారు, బాగున్నదాన్ని ఉంచుతారు. పాత నమూనా ప్రయాణికుల పెట్టెకు మన రైల్వేలు నిర్ణయించిన ఆయువు 25 సంవత్సరాలు. ఆ ఆయువు తీరిన తరువాత కూడా అటువంటి పెట్టెలు అనేకం మోటారు కార్లను మోసే పెట్టెలుగా మారి మరికొంతకాలం సేవ చేస్తాయి. భాగం మారుతుంది గాని బండి మారదు. ఇదీ అక్కడి సూత్రం.

అదే కార్ఖానా కార్మికుని జేబులోని ఫోను మాత్రం ఈ సూత్రానికి లొంగదు. అందులో ముందుగా నీరసించేది బ్యాటరీ. కొన్ని వందలసార్లు ఛార్జి చేసేసరికి దాని శక్తి తగ్గడం సహజం. ఒకప్పటి మీటల ఫోనుకు వెనుక మూత గోటితో తీసి ఎవరికివారే కొత్త బ్యాటరీ వేసుకునేవారు. నేటి ఫోన్లలో చాలావాటికి దాన్ని జిగురుతో అతికించి మూసివేస్తున్నారు. భాగం మార్చడం కష్టమైనప్పుడు మనిషి వస్తువునే మార్చడానికి సిద్ధపడతాడు. దీనికి తోడు, కొన్నేళ్లు గడవగానే కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణలు పంపడం మానివేస్తుంది. యంత్రం నిక్షేపంగా ఉన్నా అది కాలం చెల్లినదై కూర్చుంటుంది.

ఒక పాత ఒప్పందం

ఈ ధోరణి నిన్నా మొన్నా పుట్టినది కాదు. 1924లో ప్రపంచంలోని పెద్ద విద్యుద్దీపాల కంపెనీలు జెనీవాలో ఒక కూటమిగా ఏర్పడి, బల్బు ఆయువును 1,000 గంటలకు కుదించాలని నిశ్చయించుకున్నాయి. అంతకు మించి వెలిగే బల్బులు చేసిన కర్మాగారాలకు జరిమానా విధించాయి. మన్నిక అనే గుణమే నేరమైపోయిన విచిత్రమిది.

కాలక్రమేణా వ్యాపారులు ఇంతకంటె తేలికైన ఉపాయం కనిపెట్టారు. వస్తువు చెడిపోనక్కరలేదు, అది పాతదని దాని యజమాని అనుకుంటే చాలు. ఏటేటా వచ్చే కొత్త నమూనా చేసే పని అదే. పాత ఫోనుకు కొంత వెల కట్టి కొత్తది అంటగట్టే పథకాలూ, సులభ వాయిదాలూ ఆ తలంపుకు దోహదం చేస్తాయి.

పారవేసినది ఎక్కడికి పోతుంది?

ఐక్యరాజ్యసమితి సంస్థల ఆధ్వర్యంలో 2024లో వెలువడిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమ పద్ధతిలో సేకరించి శుద్ధిచేసినట్లు లెక్క తేలినది 22.3 శాతమే. ఆ సంవత్సరం భారతదేశం వాటా సుమారు 41 లక్షల టన్నులు.

మిగిలినదానిలో చాలా భాగం చేరేది పేదల చేతుల్లోకే. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఈ పనికి పేరుమోసిన చోట్లు. రాగి కోసం తీగలను కాల్చడం, బంగారం కోసం సర్క్యూట్ పలకలను ఆమ్లంలో ముంచడం అక్కడి పద్ధతులు. ఆ పొగలోనూ, ఆ మురుగులోనూ సీసం, కాడ్మియం వంటి విషాలుంటాయి. సీసం పెద్దలకంటె పసిపిల్లలకు ఎక్కువ ప్రమాదకరం. అది వారి మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

అదే వ్యర్థం సరైన చేతుల్లో పడితే సంపద అవుతుంది. టోక్యో ఒలింపిక్ క్రీడల కోసం జపాను ప్రజలు 2017 నుంచి 2019 వరకు ఇచ్చిన పాత ఫోన్లు, చిన్న పరికరాల నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి లభించాయి. సుమారు 5,000 పతకాలు వాటితోనే పోతపోశారు.

చట్టమూ, మనమూ

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు, అమ్మిన వస్తువు వ్యర్థమైనప్పుడు దానిని శుద్ధిచేయించే బాధ్యతను తయారీదారులమీదనే మోపాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక ప్రత్యేక పోర్టల్‌ను ప్రారంభించింది. ఐరోపా సమాజంలో 2027 ఫిబ్రవరి నాటికి ఫోను బ్యాటరీని వినియోగదారుడే సులభంగా మార్చుకొనే వీలుండాలన్న నిబంధన 2023లోనే వెలువడింది. కొన్ని మినహాయింపులున్నా, చేతికందే మూత మళ్లీ తిరిగి వస్తున్నదన్నమాట.

చట్టం చేయగలిగిన దానికి ఒక హద్దున్నది. ఫోను జీవితకాలంలో అది వాతావరణానికి చేసే హానిలో అధికభాగం, అది మన చేతికి రాకముందే, తయారీలోనే జరిగిపోతుంది. కనుక ఉన్న ఫోనును మరి రెండేళ్లు వాడడాన్ని మించిన పొదుపు లేదు. మార్చాలనిపించినప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటే మంచిది: అరిగినది ఫోనా, బ్యాటరీయా, లేక మన మోజా? బ్యాటరీ అయితే మార్పించవచ్చు. ఫోను బాగుండి మోజు మాత్రమే తీరితే, అందులోని సొంత వివరాలను చెరిపి, అవసరమైనవారికి ఇవ్వవచ్చు. ఇక ఎందుకూ పనికిరాదని తేలితే కంపెనీవారి సేకరణ కేంద్రానికో, అనుమతి పొందిన శుద్ధి సంస్థకో అప్పగించాలి. చెత్తకుండీలో మాత్రం వేయరాదు. నలిగిన లిథియం బ్యాటరీ మంటలు లేపగలదు.

వస్తువు ఎప్పుడు ముసలిదవుతుందో నిర్ణయించే అధికారం రైల్వే కార్ఖానాలో పనిముట్టు పట్టిన మనిషిది. మన ఇళ్లలో ఆ అధికారాన్ని ప్రకటనలకు అప్పగించాము. దానిని తిరిగి తీసుకోవడానికి ఖర్చేమీ లేదు.