డయాలసిస్ రోగి బరువు, భోజనం: ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు

వారంలో 168 గంటలు ఉంటాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకునే రోగి మిషన్ దగ్గర గడిపేది 12 గంటలు మాత్రమే. మిగిలిన 156 గంటలూ ఇంట్లోనే. ఆ 156 గంటల్లో ఏం తిన్నారు, ఎంత తాగారు, ఎంత బరువు పెరిగారు అన్న దాని మీదే తర్వాతి నాలుగు గంటలు ఎలా గడుస్తాయన్నది ఆధారపడి ఉంటుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి మన సొసైటీకి సహాయం కోరి వచ్చే కుటుంబాల్లో కిడ్నీ రోగులున్న కుటుంబాలు ఉంటూనే ఉన్నాయి. మందులకో, ప్రయాణ ఖర్చులకో దాతల దయతో ఎంతో కొంత సర్దగలుగుతున్నాం. వంటగదిలో జరగవలసిన వైద్యం మాత్రం ఇంట్లోవారే చేయాలి. అందుకే ఈ సంచికలో ఆ విషయాలను వీలైనంత తేలిక మాటల్లో వివరిస్తున్నాం. ప్రతి రోగికీ లెక్కలు కొద్దిగా మారతాయి కనుక చివరి మాట మీ నెఫ్రాలజిస్టుదే.

రెండు రకాల బరువు

డయాలసిస్ రోగి కాటా ఎక్కినప్పుడు కనిపించే అంకెలో రెండు బరువులు కలిసి ఉంటాయి. ఒకటి ఒంటి బరువు, అంటే ఎముక, కండ, కొవ్వు. రెండోది నీటి బరువు. మూత్రం సరిగా రాని మనిషి తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది. లీటరు నీరు నిలిస్తే కాటా మీద కిలో పెరుగుతుంది. ఒక్క రోజులో కిలో కండ గానీ, కిలో కొవ్వు గానీ పెరగదు. కాబట్టి రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు దాదాపు అంతా నీరే.

అదనపు నీరంతా తీసేశాక, కాళ్ల వాపు, ఆయాసం లేకుండా, బీపీ అదుపులో ఉండే బరువును డాక్టర్లు ‘డ్రై వెయిట్’ అంటారు. రోగికీ, ఇంట్లో ఒక్కరికైనా ఈ అంకె నోటికి వచ్చి ఉండాలి.

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. సరిగా తినలేక రోగి ఒంట్లో రెండు కిలోల కండ కరిగిపోయిందనుకుందాం. ఆ చోటును రెండు కిలోల నీరు ఆక్రమిస్తే కాటా మీద అంకె మారదు. ‘బరువు బాగానే ఉంది’ అని అందరూ అనుకుంటారు. లోపల మాత్రం మనిషి చిక్కిపోతున్నాడు, గుండె మీద నీటి భారం పెరుగుతోంది. చొక్కా భుజాల దగ్గర వదులవడం, చేతి గాజులు జారడం, కణతలు లోతుకు పోవడం, అదే సమయంలో రాత్రి పడుకుంటే ఆయాసం రావడం దీనికి గుర్తులు. ఇవి కనిపిస్తే ‘డ్రై వెయిట్ మళ్లీ చూడండి’ అని డాక్టరును అడగాలి. అలాగే ఆకలి పెరిగి బాగా తింటూ నిజంగా ఒళ్లు చేస్తున్న రోగికి కూడా ఆ అంకె మార్చవలసి వస్తుంది.

ఎంత పెరిగితే ఎక్కువ?

రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో 4 శాతం లోపు ఉంటే మంచిది. 60 కిలోల మనిషికి ఇది 2.4 కిలోలు, 50 కిలోల మనిషికి 2 కిలోలు.

మిషన్ ఎంత నీటినైనా లాగేస్తుంది కదా అనుకోవద్దు. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు తీయకపోవడం క్షేమమని వైద్యులు చెబుతారు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో ఇది సుమారు 3.1 లీటర్లు. నాలుగున్నర కిలోలు పెరిగి వస్తే ఒకటే సిట్టింగ్‌లో అంతా తీయడం కష్టం. బలవంతంగా తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతులవుతాయి, గుండెకు రక్తం తగ్గుతుంది. తీయకుండా వదిలేస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. డయాలసిస్ తర్వాత రోజంతా మంచానికి అతుక్కుపోయే రోగుల్లో చాలామందికి మధ్య రోజుల్లో పెరిగిన బరువే కారణం.

వారానికి రెండుసార్లే డయాలసిస్ జరిగేవారికి మధ్య విరామం ఎక్కువ కనుక వారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ముందు ఉప్పు, తర్వాత నీరు

‘నీళ్లు తాగొద్దు’ అని రోగిని కోప్పడటం వల్ల లాభం లేదు. ఉప్పు తిన్న మనిషికి దాహం వేసి తీరుతుంది. రక్తంలో ఉప్పు పాళ్లు సరిపోవాలంటే ప్రతి 8 గ్రాముల ఉప్పుకూ సుమారు లీటరు నీరు కావాలి. కాబట్టి దాహాన్ని వంటగదిలోనే ఆపాలి.

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న టీ చెంచాడు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, చిప్స్, హోటల్ బిర్యానీ, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఎండు చేపలు, ఎండు రొయ్యలు అన్నీ ఉప్పు మూటలే. ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండి, కావలసినవారు పైన చల్లుకోవడం సులువైన పద్ధతి. రుచికి నిమ్మరసం, మిరియాలు, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, కొద్దిగా పుదీనా వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని దుకాణాల్లో అమ్మే ప్యాకెట్లలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మామూలు బీపీ రోగికి అది పనికి రావచ్చు గానీ డయాలసిస్ రోగికి ప్రాణాపాయం.

నీటి లెక్కకు వస్తే, ముందురోజు 24 గంటల్లో వచ్చిన మూత్రానికి 500 నుంచి 750 మిల్లీలీటర్లు కలిపి ఆ రోజుకు తాగవచ్చు. ఇందులో టీ, పాలు, మజ్జిగ, పప్పుచారు, గంజి, షర్బత్ అన్నీ చేరతాయి. పుచ్చకాయ, తాటిముంజలు కూడా నీటి కిందే లెక్క. ఉదయమే ఆ రోజు కోటాను ఒక సీసాలో పోసి పెట్టండి. టీ తాగితే అంత నీటిని సీసాలోంచి తీసేయండి. సీసా ఖాళీ అయితే కోటా అయిపోయినట్లు. పెద్ద గ్లాసు బదులు చిన్న కప్పు వాడాలి. నోరు ఎండితే చిన్న ఐసుముక్క చప్పరించవచ్చు. రోజుకు ఐదుసార్లు వుజూలో పుక్కిలించి ఉమ్మేసే నీరు కూడా నోటిని తడిగా ఉంచుతుంది. షుగరు అదుపు తప్పినా దాహం పెరుగుతుందని మధుమేహ రోగులు గుర్తుంచుకోవాలి.

మాంసకృత్తులు మానకూడదు

కిడ్నీ జబ్బు మొదటి దశల్లో డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ సలహా తిరగబడుతుంది. ఈ మార్పు తెలియక ఎందరో పాత పథ్యమే కొనసాగిస్తూ చారన్నంతో బతుకుతూ ఎండిపోతున్నారు. ప్రతి డయాలసిస్‌లోనూ 6 నుంచి 8 గ్రాముల అమైనో ఆమ్లాలు, అంటే కండకు కావలసిన సరుకు, మిషన్‌లోకి పోతుంది. ఆ నష్టం పూడాలి.

డయాలసిస్ రోగికి రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు, 25 నుంచి 35 కేలరీల శక్తి అవసరం. 50 కిలోల స్త్రీకి 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులన్న మాట. మన ఇళ్లలో ఇది ఎలా కుదురుతుందో చూద్దాం.

రోజంతటికీ పావుకిలో బియ్యం నుంచి సుమారు 19 గ్రాములు, మూడు కోడిగుడ్ల తెల్లసొన నుంచి 10 గ్రాములు, 100 గ్రాముల చేప లేదా కోడిమాంసం నుంచి 20 గ్రాములు, 25 గ్రాముల కందిపప్పు నుంచి 5 గ్రాములు, ఒక చిన్న కప్పు పెరుగు నుంచి 3 గ్రాములు. మొత్తం 57 గ్రాములు. ఖరీదైన పౌడర్ డబ్బాలు లేకుండానే లెక్క సరిపోయింది. పేద ఇంటికి అన్నిటికన్నా చవకైన మందు గుడ్డు తెల్లసొన. అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ.

ఆకలి లేకపోతే కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టాలి. రక్తపరీక్షలో ఆల్బుమిన్ 4కు దగ్గరగా ఉంటే మంచిది. 3.5 కన్నా తగ్గితే ఆహారం చాలకపోవడమా, ఎక్కడైనా ఇన్ఫెక్షనా అని డాక్టరుతో మాట్లాడాలి. లావుగా ఉన్నామని సొంతంగా ఉపవాసాలుండి బరువు తగ్గించుకోకూడదు. డయాలసిస్ రోగుల్లో కొద్దిగా ఒళ్లున్నవారు చిక్కిపోయినవారికన్నా ఎక్కువ కాలం బతుకుతున్నట్లు పరిశోధనల్లో కనిపించింది. మార్పిడి ఆపరేషన్ కోసం బరువు తగ్గవలసి వస్తే వైద్యుల పర్యవేక్షణలోనే తగ్గాలి.

పరామర్శకు వెళ్తూ ఏం తీసుకెళ్లాలి?

రోగిని పరామర్శించడం మన దీన్‌లో పుణ్యకార్యం. మన ప్రాంతంలో అలా వెళ్లేవారు కొబ్బరి బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు పట్టుకెళ్తారు. డయాలసిస్ రోగికి ఇవే విషం. వీటిలో పొటాషియం ఎక్కువ. రక్తంలో పొటాషియం 6 దాటితే కాళ్లు బలహీనమై, గుండె లయ తప్పి, ఏ హెచ్చరికా లేకుండానే ఆగిపోవచ్చు. ఒక బోండాం నీటిలోనే 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉండవచ్చు. ఈ రోగులకు రోజు మొత్తానికి సాధారణంగా 2000 నుంచి 2500 మిల్లీగ్రాముల లోపే అనుమతిస్తారు.

ఖర్జూరం, సపోటా, మామిడి, ఎండుద్రాక్ష, టమాటా, బంగాళదుంప, చింతపండు, మునగాకు, పాలకూర కూడా ఈ జాబితాలోవే. స్టార్ ఫ్రూట్ అసలు ముట్టకూడదు. దాని విషం కిడ్నీ రోగుల మెదడును దెబ్బతీస్తుంది. యాపిల్, పియర్, అనాస వంటివి ఒక చిన్న ముక్క తినవచ్చు. బీర, సొర, పొట్ల, దొండ వంటి కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి వండుకుంటే పొటాషియం చాలావరకు పోతుంది. ఇకమీదట పరామర్శకు వెళ్తే డజను కోడిగుడ్లు తీసుకెళ్లండి.

ఫాస్ఫరస్ ఎక్కువైతే ఒళ్లంతా దురద పుడుతుంది, ఎముకలు పెళుసవుతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. పాయా, ఎముకల సూపు, లివరు, కోలా కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే మాంసపు వంటకాల్లో ఇది ఎక్కువ. దీనికిచ్చే బిళ్లలు అన్నంతోపాటు మింగితేనే పనిచేస్తాయి. పరగడుపున గానీ, తిన్న రెండు గంటలకు గానీ వేసుకుంటే వృథా.

ఆదివారం, పండగ, రంజాన్

చాలామందికి డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాల్లో గానీ, మంగళ, గురు, శనివారాల్లో గానీ ఉంటుంది. రెండు పద్ధతుల్లోనూ ఆదివారం సెలవే. వారం మొత్తంలో పొడుగైన విరామం అక్కడే వస్తుంది, గుండెకు ముప్పు కూడా అప్పుడే ఎక్కువ. మన వలీమా దావత్‌లు ఎక్కువగా జరిగేదీ ఆదివారమే! బిర్యానీ, దాల్చా, ఐస్‌క్రీం, కూల్‌డ్రింక్ ఒకే పూట కడుపులో పడితే మర్నాటికి ఆయాసమే. దావత్‌కు వెళ్లవచ్చు. రెండు ముక్కల మాంసం, కొద్దిగా అన్నం తిని, దాల్చా, షర్బత్ వదిలేయాలి. బక్రీద్ మాంసానికీ ఇదే లెక్క. రంజాన్ పండగ నాడు షేర్ ఖుర్మాలో పాలు, ఖర్జూరం, జీడిపప్పు మూడూ కలుస్తాయి కనుక రెండు చెంచాలు చాలు.

రోజా విషయానికొస్తే, రోగులకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. సూరా బఖరా 184, 185 ఆయతులు చూడవచ్చు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి రోజాకు బదులు ఫిద్యాగా పేదవారికి భోజనం పెట్టవచ్చని ఉలమాలు చెబుతారు. పగలంతా ఆగి, ఇఫ్తార్ వేళ ఖర్జూరాలు, పళ్లరసం, మసీదులో పంచే గంజి ఒక్కసారిగా తీసుకుంటే పొటాషియం, నీరు రెండూ ముంచెత్తుతాయి. రోజా ఉండాలని గట్టిగా అనుకునేవారు డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవాలి. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం ఈమాన్ తగ్గడం కాదు.

దాతలకు, కుటుంబాలకు

రంజాన్ కిట్లు ఇచ్చే సోదరులకు మా విన్నపం. డయాలసిస్ రోగి ఉన్న ఇంటికి రోగి వంతుగా ఖర్జూరం, షర్బత్ సీసా, పచ్చళ్ల బదులు కోడిగుడ్లు, బియ్యం, నూనె ఇవ్వండి. ఒక బరువు తూచే మిషన్ కొనిస్తే అది ఏళ్ల తరబడి ఉపయోగపడే సదకా. రేపల్లె నుంచి తెనాలికో, బాపట్ల నుంచి గుంటూరుకో డయాలసిస్‌కు వెళ్లివచ్చే రోగికి ఇంటి డబ్బాలో రెండు ఇడ్లీలు, ఉడికించిన తెల్లసొన సర్ది పంపితే దారిలో బజ్జీలు, కూల్‌డ్రింకుల జోలికి పోనక్కర లేదు.

ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద, తేలికపాటి బట్టలతో తూచి అంకె రాయండి. డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. రోజుకు కిలో కన్నా ఎక్కువ పెరుగుతుంటే అదే రోజు ఉప్పు, నీరు సరిచూసుకోవాలి. ఆయాసం వస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అర్హులైనవారికి ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితం. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు రూ.10,000 పింఛను కూడా ఇస్తోంది. ఇంకా దరఖాస్తు చేయనివారు ఆసుపత్రి కాగితాలతో మీ సచివాలయంలో అడగండి. కాగితాలు రాయడంలో సాయం కావాలంటే మన సొసైటీ సభ్యులను సంప్రదించండి.

కిడ్నీలు మందగించినా, పద్ధతిగా డయాలసిస్ చేయించుకుంటూ, ఉప్పు తగ్గించి, నీరు కొలిచి తాగుతూ, గుడ్డో చేపో కడుపునిండా తింటూ ఏళ్ల తరబడి వ్యాపారాలు చూసుకుంటున్నవారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. మన ఇళ్లలోని రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, వారికి సేవ చేస్తున్న తల్లులకు, భార్యలకు, బిడ్డలకు ఓర్పును, ప్రతిఫలాన్ని ఇచ్చుగాక. ఆమీన్.