టెక్సాస్ నగరములు: 'లిబరల్', 'కన్సర్వేటివ్' పదముల అన్వయము

ఒక దేశపు రాజకీయ పదము వేఱొక భాషలోనికి వచ్చునపుడు దాని రూపము వచ్చును గాని అర్థము పూర్తిగా రాదు. అమెరికా వార్తలను తెలుగున వ్రాయువారు 'లిబరల్' అను మాటకు ఉదారవాది యనియు, 'కన్సర్వేటివ్' అను మాటకు సంప్రదాయవాది యనియు వాడుచున్నారు. రెండును చూచుటకు నిర్దుష్టముగనే యున్నవి. కాని ఆ దేశపు నివాసి యొకడు 'మా యూరు లిబరల్' అనినపుడు అతడు ఔదార్యమును గూర్చి చెప్పుట లేదు. 'మా యూరు కన్సర్వేటివ్' అనినవాడు సంప్రదాయమును గూర్చి మాత్రమే చెప్పుట లేదు. ఈ మాటలు నివాసుల నోట ఏ యర్థమున చెల్లుచున్నవో తెలిసికొనుటకై మేము టెక్సాస్ రాష్ట్రపు నగరములను ఉదాహరణముగా గైకొంటిమి. దక్షిణ రాష్ట్రములలో జనసంఖ్యచే అది మొదటిది. తెలుగు కుటుంబములు విశేషముగా స్థిరపడిన రాష్ట్రములలో ఒకటి యగుటచే అచటి ఎన్నికల వార్తలు మన పత్రికలకును ఎక్కుచున్నవి.

మన భాషలోనే ఈ పదముల చరిత్ర చిత్రమైనది. గోఖలే మార్గము ననుసరించి, 1918లో లిబరల్ సమాఖ్యగా ఏర్పడిన వారిని ఆనాటి తెలుగువారు మితవాదులనిరి. తిలక్ పక్షమువారు అతివాదులు. నేడు మన దినపత్రికలు ఐరోపాలోని కన్సర్వేటివ్ పక్షములను మితవాద పక్షములని వ్రాయుట పరిపాటి. అనగా ఒకప్పుడు లిబరల్ వర్గమునకు చెల్లిన మాటయే నేడు దాని ప్రత్యర్థికి చెల్లుచున్నది. రంగుల విషయమున చిక్కు మఱింత హెచ్చు. ఎఱ్ఱజెండా యనగనే కమ్యూనిస్టులను తలచుకొను తెలుగు పాఠకునకు, 'ఎఱ్ఱ రాష్ట్రము' అనగా రిపబ్లికన్లకు, అనగా కన్సర్వేటివ్ పక్షమునకు ఓటు వేయు రాష్ట్రమని చెప్పినచో నవ్వు వచ్చును. అమెరికాలో ఆ రంగుల వాడుక స్థిరపడినది 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నిక తరువాతనే.

అమెరికాలో 'లిబరల్' అను మాట 1930 ప్రాంతమున ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ కాలమున నేటి యర్థమును పొందెను. కార్మికులు, పేదలు, అల్పసంఖ్యాకులు - వీరి మేలునకు ప్రభుత్వము పూనుకొనవలెనను వాదము అది. తరువాత గర్భస్రావ హక్కు, తుపాకుల నియంత్రణము, స్వలింగ వివాహము, పర్యావరణ రక్షణము మున్నగు ప్రశ్నలు దానికి చేరినవి. పన్నులు తక్కువగా నుండవలెననియు, ప్రభుత్వము వ్యాపారమున చేయి పెట్టరాదనియు, చర్చి, కుటుంబము, తుపాకి కలిగియుండు హక్కు నిలువవలెననియు కోరువారు కన్సర్వేటివులు. ఇన్ని వేఱువేఱు ప్రశ్నలు రెండు మాటలలో ఇమిడియుండుట గుర్తింపదగినది.

టెక్సాస్ 1861లో దక్షిణ రాష్ట్రముల కూటమిలో చేరి అంతర్యుద్ధమున ఓడినది. 1874 మొదలు 1979 వఱకు ఆ రాష్ట్రపు గవర్నర్లందఱును డెమొక్రాట్లే. కాని వారిలో పెక్కుమంది నేటి లెక్కకు గట్టి కన్సర్వేటివులు. లిబరల్, కన్సర్వేటివ్ కలహము ఒకే పక్షము లోపల జరుగుచుండెను. 1952లో డెమొక్రాట్ గవర్నరగు అలన్ షివర్స్ రిపబ్లికన్ అభ్యర్థియగు ఐసెన్‌హోవర్‌ను బహిరంగముగా బలపఱచెను. తరువాత గాలి మాఱినది. 1994 తరువాత రాష్ట్రవ్యాప్తముగా జరుగు ఏ ఎన్నికలోను డెమొక్రాట్ గెలువలేదు. కావున వృద్ధులగు టెక్సాస్ వారి నోట పక్షము పేరు, భావము పేరు జంటగా నడువవు. ఓటరుగా నమోదగునపుడు పక్షమును చెప్పవలసిన పద్ధతియు అక్కడ లేదు; నగరాధ్యక్షుల ఎన్నికలలో పక్షముల గుర్తులును ఉండవు. ఊరి స్వభావమును లెక్కించుటకు అధ్యక్ష ఎన్నికలో కౌంటీ, అనగా మన జిల్లా వంటిది, వేసిన ఓటే ముఖ్యాధారముగా మిగిలినది. అది ఎంత కొలువగలదో చూతము.

మొదట ఆస్టిన్. రాష్ట్ర రాజధాని, విశ్వవిద్యాలయ నగరము. ఆస్టిన్ గల ట్రావిస్ కౌంటీ 2020లో జో బైడెన్‌కు నూటికి 71 ఓట్లు వేసినది. రాష్ట్రము మొత్తముమీద ఆయనకు వచ్చినవి నూటికి 46 పైచిలుకు. ఎఱ్ఱని టమాటా పులుసులో తేలు నల్లనీలపు పండని ఈ నగరమును రాజకీయవేత్తలు పరిహసించుట కలదు. ఆ ప్రత్యేకత నిన్నటిది కాదు: 1861లో దేశము నుండి విడిపోవలెనా యని ఓటు అడిగినపుడు ట్రావిస్ కౌంటీ వలదనెను. ఆస్టిన్ లిబరల్ అని ఆ యూరివారును, పొరుగూరివారును, శత్రువులును ఏకకంఠముగా చెప్పుదురు.

అయినను ఆ యూరిలోనే రెండు చోట్ల ఈ మాట తడబడును. ఇల్లు లేనివారు బహిరంగ స్థలములలో గుడారములు వేసికొనుటపై గల నిషేధమును నగర సభ 2019లో సడలించెను. 2021 మే నెలలో ఓటర్లు ఆ నిషేధమును తిరిగి తెచ్చిరి. దానికి అనుకూలముగా వేసినవారు సగము కంటె స్పష్టముగా హెచ్చు. బైడెన్‌కు ఓటు వేసినవారిలో అనేకులు దీనికిని ఓటు వేయక ఈ ఫలితము వచ్చియుండదు. రెండవది ఇంకను పాతది. 1928 నాటి నగర ప్రణాళిక నల్లజాతివారికి ఉద్దేశించిన పాఠశాలలను, ఉద్యానములను నగరపు తూర్పు భాగముననే ఉంచి, వారు అక్కడికే పోవునట్లు చేసెను. 1962లో తెఱచిన రహదారి తూర్పు పడమరలకు నడుమ గోడవలె నిలిచెను. నగరము సంపన్నమై అద్దెలు పెరిగిన కొలది తూర్పు ఆస్టిన్ లోని నల్లజాతి కుటుంబములు ఆ యూరిని విడిచి పోవలసి వచ్చెను. ఆ కుటుంబములలో ఒకరిని అడిగినచో ఆస్టిన్ లిబరల్ నగరమని ఒప్పుకొనవచ్చును. కాని ఆ మాటను పడమటి వాడలవాడు పలికిన గర్వముతో పలుకడు.

హ్యూస్టన్ వేఱు తీరు. 23 లక్షల జనులు గల ఈ నగరము 2009లో ఎనీస్ పార్కర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకొనెను. తాను స్వలింగానురాగినని బహిరంగముగా చెప్పిన వ్యక్తి అంతటి మహానగరమునకు అధ్యక్షత వహించుట ఆ దేశమున అదియే మొదలు. ఆమె కాలముననే, 2014లో, ఉద్యోగములందును గృహవసతియందును వివక్షను నిషేధించు నియమమును నగర సభ చేసెను. స్వలింగానురాగులకును లింగమార్పిడి చేసికొన్నవారికిని అందు రక్షణ కలదు. 2015 నవంబరులో ప్రజలు దానిని నూటికి 61 ఓట్లతో రద్దు చేసిరి. వ్యక్తిని గెలిపించిన నగరమే నియమమును త్రోసివేసినది. ఏ స్థలమున ఇల్లు, ఏ స్థలమున కర్మాగారము ఉండవలెనో నిర్ణయించు మండల విభజన నియమమును హ్యూస్టన్ ఓటర్లు 1948, 1962, 1993 సంవత్సరములలో మూడు మాఱులు తిరస్కరించిరి. ఈ తిరస్కారము ఆస్తి హక్కును గూర్చినదగుటచే కన్సర్వేటివ్ అనవలెనా, లేక ఇండ్లు చౌకగా నిలుచుటకు తోడ్పడినదగుటచే పేదల పక్షమనవలెనా? హ్యూస్టన్ వారు ఈ ప్రశ్నకు జవాబు వెదుకరు. మా యూరు పని చేసికొను ఊరు అందురు. మాకు ఆ జవాబే నచ్చినది.

డల్లాస్‌కు కాలమే కొలత. 1963 అక్టోబరులో అడ్లై స్టీవెన్‌సన్‌పై అక్కడి గుంపు దౌర్జన్యము చేసెను. మఱుసటి నెల 22వ తేదీన కెన్నెడీ అక్కడ హతుడయ్యెను. ద్వేష నగరమను అపకీర్తి దానిని చాల ఏండ్లు వెంటాడినది. 2006లో డల్లాస్ కౌంటీ పదవులను డెమొక్రాట్లు ఊడ్చుకొనిరి. కౌంటీ గట్టి డెమొక్రాట్‌గా నిలిచిన ఆ దినములలోనే, 2023 సెప్టెంబరున, నగరాధ్యక్షుడగు ఎరిక్ జాన్‌సన్ రిపబ్లికన్ పక్షమున చేరెను. ఏ సంవత్సరమున ఆ యూరికి వచ్చితివని అడుగక డల్లాస్ వాని మాటను తూచుట కష్టము.

ఇక్కడ ఒక మాట. రెంటచింతల నుండి విశాఖపట్టణము చేరినవాడు అబ్బా చల్లగా నున్నదనును. అరకు లోయ నుండి దిగినవాడు ఉక్కపోయుచున్నదనును. ఇద్దఱును అబద్ధమాడుట లేదు. లబ్బక్ నుండి ఆస్టిన్ చేరిన విద్యార్థికిని, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి చేరిన ఉద్యోగికిని ఇట్లే యుండును. టాసనోవిచ్, వార్షా అను ఇద్దఱు పరిశోధకులు 2014లో రెండున్నర లక్షలకు మించిన జనసంఖ్య గల అమెరికా నగరములను నివాసుల అభిప్రాయములనుబట్టి వరుసగా నిలిపిరి. ఒక కొసను శాన్‌ఫ్రాన్సిస్కో, రెండవ కొసను అరిజోనాలోని మీసా నిలిచినవి. టెక్సాస్ లోని ఆర్లింగ్టన్ మీసా వైపునకు చేరినది. దాదాపు నాలుగు లక్షల జనులుండియు ఆర్లింగ్టన్ ప్రజలు బస్సుల కొఱకు పన్ను వేసికొనుటకు పలుమాఱులు నిరాకరించిరి. అట్టి వరుస ఉపయోగకరమే; కాని పరిశోధకుని వరుసలో నగరము నిలుచు స్థానము వేఱు, నివాసి మనసులో నిలుచు స్థానము వేఱు. ఆర్లింగ్టన్, ఫోర్ట్‌వర్త్ గల టారంట్ కౌంటీయే చూడుడు. 2020లో అది ఎనిమిది లక్షలకు మించిన ఓట్లలో రెండు వేల కంటె తక్కువ ఆధిక్యముతో బైడెన్ వైపు మొగ్గెను; 2024లో మరల ట్రంప్ వైపునకు పోయెను. ఈ నాలుగేండ్లలో ఫోర్ట్‌వర్త్ వీథులలో తిరిగినవానికి ఊరు మాఱినట్లు తోచియుండునా?

కన్సర్వేటివ్ అని పేరు పొందిన నగరములలో ప్రశ్నను మార్చి అడిగినచో జవాబు మాఱుట మఱింత స్పష్టము. డెంటన్ ప్రజలు 2014 నవంబరులో, భూగర్భ శిలలను పగులగొట్టి వాయువు తీయు పద్ధతిని తమ యూరిలో నిషేధించిరి. అదే దినమున ఆ కౌంటీ రిపబ్లికన్ గవర్నరు అభ్యర్థికి అధికముగా ఓటు వేసెను. లబ్బక్ ఓటర్లు 2021 మే నెలలో తమ నగరమున గర్భస్రావమును నిషేధించిరి. దానికి ఉత్తరమున, ఓటు లెక్కలలో లబ్బక్ వలెనే గట్టిగా రిపబ్లికన్‌గా నిలుచు ఆమరిల్లో నగరమున 2024 నవంబరులో వేఱొక ప్రశ్న అడిగిరి: గర్భస్రావము కొఱకు పరరాష్ట్రమునకు పోవు స్త్రీకి నగర రహదారులపై తోడ్పడిన వారిపై వ్యాజ్యము వేయవచ్చునా? ఆమరిల్లో కూడదనెను. అదే దినమున ట్రంప్‌ను అత్యధికముగా బలపఱచెను. పరుల ప్రయాణములో కలుగజేసికొనరాదనుట కూడ కన్సర్వేటివ్ భావమే యని అక్కడివారిలో కొందఱు వాదించిరి. ఆ వాదమును కాదనుట సులభము కాదు.

మెక్సికో సరిహద్దున లరెడో, మెకాలెన్ మున్నగు నగరములు తరతరములుగా డెమొక్రాట్లకు ఓటు వేసినవి. కాని కాథలిక్ మతనిష్ఠ, పెద్ద కుటుంబము, సరిహద్దు రక్షక దళమున ఉద్యోగములు గల ఆ యూళ్లవారు తమను లిబరల్ అని యెన్నడును చెప్పుకొనలేదు. 2024లో ఆ కౌంటీలు ట్రంప్ వైపు తిరిగినపుడు దేశమంతయు విస్తుపోయెను. ఊరివారికి అంత విస్మయము కలుగుటకు కారణము లేదు.

ఇంత చెప్పిన పిదప, నగరము తన స్వభావము ననుసరించి నడుచుకొనగలదా యను ప్రశ్న మిగిలినది. డెంటన్ నిషేధమును 2015లో రాష్ట్ర శాసనము నిరర్థకము చేసెను. లరెడో నగరము ప్లాస్టిక్ సంచులపై విధించిన నిషేధమును 2018లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసెను. ఆస్టిన్ 2010లోను, డల్లాస్ 2015లోను, కట్టడపు కూలీలకు నాలుగు గంటలకు ఒకమాఱు పది నిమిషములు నీరు త్రాగి నీడను నిలుచుటకు విరామమీయవలెనని నియమించినవి. టెక్సాస్ వేసవి మన రాయలసీమ వేసవికి తీసిపోదు. ఇట్టి స్థానిక నియమములను త్రోసివేయు చట్టమును రాష్ట్ర శాసనసభ 2023లో చేసెను. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఎల్ పాసో నగరములు దానిపై న్యాయస్థానమున పోరాడినవి. గర్భస్రావ చట్టము ఆస్టిన్ స్త్రీకిని ఆమరిల్లో స్త్రీకిని ఒక్కటియే. లిబరల్ నగరమున నున్నానను భావము రోడ్డున, భోజనశాలలో, పొరుగింటి ముంగిట నిజము. ఆసుపత్రిలోను, కట్టడపు పరంజాపైనను రాష్ట్రముదే మాట.

తెలుగువారి సంగతి. డల్లాస్‌కు ఉత్తరముననున్న ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలోను, పడమర నున్న ఇర్వింగ్ లోను వారు దట్టముగా ఉన్నారు. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘము 'నెల నెలా తెలుగు వెన్నెల' యను సాహిత్య సభలను నడుపుట మన శాఖలవారెఱిగినదే. ప్లేనో, ఫ్రిస్కో గల కాలిన్ కౌంటీలో రిపబ్లికన్ అభ్యర్థికి 2012లో నూటికి ఇంచుమించు 65, 2020లో 51, 2024లో 54 ఓట్లు వచ్చినవి. వలస వచ్చినవారి చేరికయే ఈ మార్పునకు ఒక కారణమని చెప్పుదురు. కాని తాత్కాలిక ఉద్యోగ వీసాపై నున్న తెలుగువాడు ఇల్లు కొని, ఆస్తిపన్ను కట్టి, పిల్లలను బడికి పంపియు ఓటు వేయజాలడు. అతడు నివాసి, ఓటరు కాడు. రాష్ట్రమున ఆదాయపు పన్ను లేకుండుట అతనికి మెచ్చు. వలస చట్టముల కాఠిన్యము మెచ్చడు. పిల్లల పెండ్లి ప్రసక్తి వచ్చినపుడు అతని మాట వేఱు. ఫ్రిస్కో ఎట్టిదని అతనిని అడిగినచో మొదట బడులు మంచివనును. ఏ కౌంటీ లెక్కలోను ఈ జవాబు చేరదు.

మా శాఖలో అనువాద తరగతిన డెంటన్ వార్తను విద్యార్థులకిచ్చితిమి. ఒకరు 'సంప్రదాయ నగరమున ఉదార చట్టము' అని శీర్షిక పెట్టిరి. మఱొకరు 'మితవాద నగరమున' అని మొదలిడి ఆగిపోయిరి. మూడవవారు 'వాయువు బావులను వలదన్న డెంటన్ ఓటర్లు' అని వ్రాసిరి. మేము దానికే మార్కులు వేసితిమి.