పెద్ద కార్బొరేటర్ పెడితే పెద్ద బలం రాదు

* ఇంజిన్ పీల్చే గాలిని బట్టే బోర్ ఎంపిక
* జెట్ తప్పితే పిస్టన్ పట్టేసే ప్రమాదం
* ఇథనాల్ పెట్రోలుతో మారిన పాత లెక్కలు

నల్గొండ, మహబూబ్‌నగర్: పాత మోటారుసైకిళ్లపై మోజు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల యువతలో ఇంకా తగ్గలేదు. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్ఎక్స్ 100 వంటి బండ్లను వెతికి కొని, వేలాది రూపాయలు వెచ్చించి బాగు చేయించుకుంటున్నారు. ఆ తరువాత చాలామంది దృష్టి పడేది కార్బొరేటర్ మీదే. అసలుది తీసేసి, పెద్ద బోర్ ఉన్న 'రేసింగ్' కార్బొరేటర్ బిగిస్తే బండి దూసుకుపోతుందన్నది వారి నమ్మకం. తీరా బిగించాక పికప్ పోవడం, మైలేజీ పడిపోవడం, ఒక్కోసారి నడిరోడ్డుపై ఇంజిన్ పట్టేయడం జరుగుతోంది. లోపం కార్బొరేటర్‌ది కాదు. ఎంపికలో, అమరికలో పాటించాల్సిన లెక్కను విస్మరించడమే ఇందుకు కారణం.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో కొత్త ద్విచక్ర వాహనాల్లో అత్యధికం ఇంధన ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. అయితే అంతకుముందు అమ్ముడైన లక్షలాది బండ్లు, రైతులు వాడే పెట్రోలు స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలు, చిన్న నీటి పంపులు నేటికీ కార్బొరేటర్‌తోనే నడుస్తున్నాయి. దాని పనితీరును తెలుసుకోవాల్సిన అవసరం తీరిపోలేదు.

గాలి వేగమే కీలకం

కార్బొరేటర్ మధ్యలో గాలి వెళ్లే దారి ఒకచోట సన్నబడుతుంది. పిస్టన్ పీల్చిన గాలి ఈ సన్నని గొంతులో వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్లే అడుగున ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు జెట్ రంధ్రం గుండా పైకి లేచి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. అంటే పెట్రోలును పైకి లాగేది గాలి వేగమే.

పెద్ద కార్బొరేటర్‌తో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 20 మిల్లీమీటర్ల బోర్ వైశాల్యం సుమారు 314 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 26 మిల్లీమీటర్లకు మారిస్తే వైశాల్యం 531కి చేరుతుంది. దారి 69 శాతం వెడల్పయింది గానీ, ఇంజిన్ మాత్రం అదే 98 సీసీ. అదే చక్రభ్రమణం వద్ద గొంతులో గాలి వేగం 59 శాతానికి పడిపోతుంది. పెట్రోలును లాగే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. ఫలితంగా పెట్రోలు తుంపరగా కాక చుక్కలుగా వస్తుంది. ఊరి రోడ్లపై, సంతల రద్దీలో బండి నడిచేది తక్కువ వేగంలోనే. అక్కడే ఇంజిన్ ముక్కుతుంది, తడబడుతుంది. లాభం కనిపించేది ఇంజిన్ అత్యధిక వేగంతో తిరిగే కొద్ది సేపు మాత్రమే.

ఎంత బోర్ సరిపోతుంది?

ఇందుకు ఇంజనీర్లు వాడే ఒక సులువైన లెక్క ఉంది. ఇంజిన్ సామర్థ్యాన్ని లీటర్లలోకి మార్చి, గరిష్ఠ శక్తినిచ్చే భ్రమణ వేగంతో గుణించాలి. వచ్చిన సంఖ్యకు వర్గమూలం కట్టి, దాన్ని 0.65 నుంచి 0.9 మధ్య గుణకంతో హెచ్చించాలి. వచ్చేది మిల్లీమీటర్లలో బోర్.

ఉదాహరణకు ఆర్ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీ. గరిష్ఠ శక్తి నిమిషానికి 7,500 భ్రమణాల వద్ద వస్తుంది. 0.098ని 7,500తో గుణిస్తే 735. దాని వర్గమూలం సుమారు 27. కనిష్ఠ గుణకంతో 17.6, గరిష్ఠ గుణకంతో 24.4 మిల్లీమీటర్లు వస్తుంది. రోజువారీ వాడకానికి ఈ పరిధిలో దిగువ, మధ్య భాగాలు తగినవి. పై అంచు పోటీ బండ్లకే. 26, 28 మిల్లీమీటర్లవి ఈ లెక్కకే అందవు. ఇన్లెట్ దారి, రీడ్ వాల్వ్, సైలెన్సర్ తదితరాలన్నీ మార్చి, ఇంజిన్ ఇంకా వేగంగా తిరిగేలా చేస్తే తప్ప అంతటి కార్బొరేటర్‌కు పని ఉండదు. అసలు బోర్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచి ఆగడం ఉత్తమం.

కొనేముందు బోర్‌తో పాటు మరికొన్ని చూడాలి. ఇంజిన్ వైపు రబ్బరు గొట్టానికి మూతి సరిగ్గా పట్టాలి. యాక్సిలరేటర్ తీగ పొడవు సరిపోవాలి. చోక్ పనిచేయాలి. ముఖ్యంగా దానికి సరిపడే జెట్‌లు విడిగా దొరకాలి. ప్రసిద్ధ కంపెనీల పేర్లు ముద్రించిన నకిలీలు మార్కెట్లో తక్కువేమీ కాదు. వాటి జెట్ మీద రాసిన అంకెకు, రంధ్రం కొలతకు పొంతన ఉండదు. జెట్ అంకెలు కూడా అన్ని కంపెనీలకు ఒకటి కావు. కెయిహిన్ జెట్‌పై అంకె రంధ్రం వ్యాసాన్ని తెలిపితే, మికుని ఆరు పలకల మెయిన్ జెట్‌పై అంకె ప్రవాహాన్ని సూచిస్తుంది. ఒకదాని అంకె చూసి మరోదానికి బిగించరాదు.

అమరికకు ఓ వరుస ఉంది

కార్బొరేటర్‌ను ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ప్లగ్గు గ్యాప్, టైమింగ్ సరిగా ఉన్నాయా, రబ్బరు గొట్టం పగిలి గాలి చొరబడుతోందా అన్నవి సరిచూసుకోవాలి. వేరేచోట లోపం ఉంచుకుని జెట్‌లు మార్చడం వృథా. ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

* ఫ్లోట్ మట్టం: గిన్నెలో పెట్రోలు మట్టం తప్పితే మిగిలిన అమరికలన్నీ తప్పుతాయి. ముందుగా దీన్నే కంపెనీ చెప్పిన కొలతకు తేవాలి.
* మెయిన్ జెట్: యాక్సిలరేటర్ ముప్పావు వంతు దాటాక పెట్రోలు అందించేది ఇదే. ఇంజిన్లు పట్టేసేది ఎక్కువగా ఇక్కడే. అందువల్ల పెద్ద అంకె నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు కిందికి దిగాలి. చిన్నదాని నుంచి పైకి వెళ్లడం ప్రమాదకరం.
* నీడిల్: పావు నుంచి ముప్పావు వరకు దీని అధీనం. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పైగాడికి మారిస్తే తగ్గుతుంది. నిత్యం వాడే వేగం ఇదే కాబట్టి మైలేజీ తేలేదీ ఇక్కడే.
* స్లైడ్ కోత: ఐడ్లింగ్ నుంచి పావు వంతు దాకా స్లైడ్ అడుగున ఉన్న కోత ప్రభావం ఉంటుంది. సాధారణంగా దీన్ని మార్చనవసరం లేదు.
* స్క్రూ: పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదిలి మొదలుపెట్టాలి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ. వదిలేకొద్దీ మిశ్రమం పలుచనవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ. వదిలేకొద్దీ చిక్కనవుతుంది. ఈ తేడా తెలియకనే చాలామంది తలకిందులుగా తిప్పుతుంటారు.

ఫలితాన్ని చెప్పేది స్పార్క్ ప్లగ్గే. కొత్త ప్లగ్గు బిగించి, పరీక్షించాల్సిన వేగంలో కొంతసేపు నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి ప్లగ్గు విప్పాలి. పింగాణీ బిస్కట్ రంగులో ఉంటే అమరిక సరిపోయినట్లు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. తెల్లగా సున్నం వేసినట్లు ఉంటే పెట్రోలు చాలనట్లు. నల్లటి ప్లగ్గు డబ్బు కాజేస్తుంది, తెల్లటి ప్లగ్గు ఇంజిన్‌నే కాజేస్తుంది. ఈ పరీక్షను వాహనాల రద్దీ లేనిచోటే, హెల్మెట్ ధరించి చేయాలి.

ఎండ, ఎత్తు, ఇథనాల్

ఒకచోట అమర్చిన కార్బొరేటర్ అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఒకేలా పనిచేయదు. మహబూబ్‌నగర్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. తీరంతో పోలిస్తే ఇక్కడి గాలి సాంద్రత దాదాపు 5 శాతం తక్కువ. నల్గొండలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండకు, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలికి మధ్య గాలి సాంద్రతలో 9 శాతానికి పైగా తేడా వస్తుంది. గాలి పలుచనైతే మిశ్రమం చిక్కబడుతుంది, గాలి చిక్కనైతే మిశ్రమం పలుచబడుతుంది. ఎండాకాలానికి, చలికాలానికి మధ్య మిశ్రమంలో వచ్చే తేడా సుమారు 5 శాతం.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. రెండూ కలిసిన 20 శాతం ఇంధనానికి సుమారు 13.5 కిలోలు సరిపోతుంది. అంటే వట్టి పెట్రోలుకు అమర్చిన పాత జెట్‌తో ఇప్పుడు మిశ్రమం దాదాపు 8 శాతం పలుచనవుతున్నట్లే. మండు వేసవిలో గాలి పలుచదనం ఈ లోటును కొంత పూడుస్తుంది. చలికాలం ఉదయం ఆ వెసులుబాటు ఉండదు. మే నెలలో అంచుల్లో సరిపోయిన జెట్ డిసెంబరులో ఇంజిన్‌ను దెబ్బతీయవచ్చు. కనుక తుది అమరికను చల్లటి వేళ సరిచూసుకోవడం క్షేమం. వ్యాసాన్ని తెలిపే జెట్ అయితే అంకెను 4 శాతం పెంచితే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. సాధారణంగా ఒకటి రెండు మెట్లతో లోటు తీరుతుంది.

పాత రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు, ఫ్లోట్ వాల్వ్ రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి పాడవుతాయి. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చుకోవాలి. పైపు కారితే అగ్నిప్రమాదం జరగవచ్చు. పెట్రోలు దింపేటప్పుడు బీడీ, పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు.

ఫిల్టర్ పెట్టె తీసేస్తే నష్టమే

రేసింగ్ కార్బొరేటర్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్ పెట్టెను తొలగించి, మూతి తెరిచి ఉంచడం మరో అలవాటు. మన చల్క నేలల ఎర్ర దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతే పిస్టన్ రింగులు, బోర్ త్వరగా అరిగిపోతాయి. పైగా పెట్టె తీయగానే గాలి పెరిగి, అప్పటిదాకా చేసిన జెట్ అమరిక మొత్తం తప్పుతుంది.

స్ప్రేయర్లకూ ఇదే సూత్రం

పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో మందు కొట్టే 26 సీసీ రెండు స్ట్రోకుల స్ప్రేయర్లకు సైతం పై లెక్కే వర్తిస్తుంది. నిమిషానికి 7,000 భ్రమణాలనుకుంటే 9 నుంచి 12 మిల్లీమీటర్ల బోర్ చాలు. అంతకు మించినది పెడితే పొగ పెరుగుతుందే గానీ పిచికారీ దూరం పెరగదు. ఈ ఇంజిన్లకు ఆయిల్ అందేది పెట్రోలుతో కలిసే. మిశ్రమం పలుచనైతే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. పురుగు ఉధృతి పెరిగిన రోజుల్లో స్ప్రేయర్ మూలపడితే రైతుకు కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో పోయేది కాదు. ఆయిల్‌ను కంపెనీ సూచించిన పాళ్లలోనే కలపాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరెక్కువైతే ట్యాంకు అడుగున వేరుపడుతుంది. అందువల్ల సీజన్ ముగియగానే ట్యాంకును, ఫ్లోట్ గిన్నెను పూర్తిగా ఖాళీ చేసి భద్రపరచాలి.

చట్టం ఏమంటోంది?

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. కాలుష్య పరీక్షలో 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, ఆ తరువాత భారత్ స్టేజ్-6కు ముందు తయారైన వాటిలో 3.5 శాతం మించరాదు. పెద్ద జెట్‌తో నల్లటి పొగ వదిలే బండి ఈ పరీక్షలో నెగ్గడం కష్టం.

కార్బొరేటర్ మార్చాలనుకునేవారు ముందు ఉన్నదాన్నే విప్పి శుభ్రం చేయించి, జెట్ సరిచేసి చూడటం మేలు. పోయిందనుకున్న బలం చాలా బండ్లలో అక్కడే తిరిగొస్తుంది. అప్పటికీ మార్చక తప్పదనుకుంటే పాత కార్బొరేటర్‌ను పారేయక దాచుకోవాలి. బిగించిన జెట్ అంకె, నీడిల్ గాడి, స్క్రూ చుట్లు ఒక కాగితంపై రాసిపెట్టుకోవాలి. మరుసటిసారి మెకానిక్ మారినా లెక్క మారదు.