డబ్బొచ్చే పాత సామాను... డబ్బయ్యే పాత సామాను!

పాత పేపర్ల బండి వీధిలోకి వచ్చిందంటే మనకి ఎక్కడలేని చురుకూ వచ్చేస్తుంది. కిలో పన్నెండన్నవాడి చేత పదమూడు అనిపించేదాకా గుమ్మం దిగనివ్వం. ముల్లు కాస్త అటు మొగ్గితే చాలు, "ఏవయ్యా, ముందు ఆ చెయ్యి తియ్యి" అంటాం. అదే పాత ఇల్లు మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం "ఏదో ఒకటి ఇచ్చి తీసుకుపో నాయనా" అని చేతులు దులిపేసుకుంటాం. పది రూపాయల దగ్గరున్న పట్టుదల పదివేల దగ్గర ఉండదు! ఆ దుమ్ములో నిలబడే ఓపిక ఎవరికుంటుంది అంటారా? నిజమే. కానీ కొనేవాడి లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే అంత ఓపికతో పనిలేదు.

2024 వేసవిలో తణుకులో మా అత్తగారి ఇల్లు ఖాళీ చేశాం. పాతకాలం పెంకుటిల్లు. స్థలం అపార్టుమెంటు కట్టేవాళ్ళకి ఇచ్చారు. పదిరోజుల గడువు. మామయ్యగారు పోయాక అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు కాబట్టి ఆ ఇంట్లో మనుషులు లేరు గానీ, సామాను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అటక నిండా ఇత్తడి, వంటింటి వెనక రాగి బాయిలరు, మూడు బూరుగుదూది పరుపులు, చెదపట్టిన బల్లలు, డొక్కు టీవీ, పిల్లల పుస్తకాలు, ఎందుకు దాచారో ఎవరికీ తెలియని ఖాళీ డబ్బాలు... మీ ఇళ్ళలోనూ ఇంతేగా!

ముగ్గురు, మూడు మాటలు

కబురు పంపితే ముగ్గురు వచ్చి చూశారు. మొదటాయన గదులన్నీ ఓసారి కలియతిరిగి "రెండు ట్రిప్పులవుద్దండి. మీరే ఒక 5000 ఇప్పించండి, ఊడ్చి మరీ ఇచ్చేస్తాం" అన్నాడు. రెండో ఆయన అటకెక్కి, వంటిల్లు చూసి, నవ్వుతూ దిగాడు. "మీరేం ఇవ్వక్కర్లేదమ్మగారూ, నేనే 7000 ఇస్తాను. గుత్తగా మాట్లాడుకుందాం. దేన్నీ ముట్టుకోకుండా అలాగే వదిలేయండి, చాలు" అన్నాడు. మూడో ఆయన "గుత్తలు నాకు పడవండి, కిలో లెక్కే" అన్నాడు.

ఒకే ఇల్లు, ఒకే సామాను. ఒకరికి మనం ఎదురివ్వాలి, ఇంకొకరు మనకే ఇస్తానంటారు. మావారు "7000 అన్నవాడికి ఇచ్చేద్దాం, గొడవ వదులుతుంది" అన్నారు. మగవాళ్ళకి గొడవ వదలడమే పెద్ద లాభం!

అసలు ఈ మూడు ధరలూ ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

బరువా? జాగానా?

పాత సామానులో రెండు రకాలున్నాయి. ఒకటి బరువుకి అమ్ముడుపోయేది. రెండోది బండిలో జాగా తినేది. ఇనుము, ఇత్తడి, రాగి, పేపరు మొదటిరకం. పరుపులు, సోఫాలు, చెదపట్టిన చెక్క, పగిలిన పింగాణీ రెండోరకం. రాగి బాయిలరు ఓ మూల కూర్చుంటుంది, వేలు తెస్తుంది. పరుపు సగం బండి ఆక్రమిస్తుంది, పైసా తేదు. దాన్ని తీసుకెళ్ళేవాడికి బండి కిరాయీ, మనుషుల కూలీ చేతినుంచి పడతాయి. కాబట్టి ఆ డబ్బు మన దగ్గరే తీసుకోవాలి.

మొదటాయన ఇంటిని ట్రిప్పుల లెక్కన చూశాడు. అడిగితే దాచకుండానే చెప్పాడు. ట్రాలీ ఆటో ట్రిప్పుకి 1200, రెండు ట్రిప్పులకి 2400. ఇద్దరు మనుషులకి చెరో 700, అది 1400. మొత్తం 3800. మిగిలిన 1200 ఆయనకి. మేడమీద ఇల్లయితే మెట్లకి వేరే. బండి గుమ్మం దాకా రాకపోతే మోతకి వేరే. ఇందులో మోసం ఏమీ లేదు. కాకపోతే ఆ బండిలో మన ఇత్తడీ ఎక్కి కూర్చుంటుంది! దాని డబ్బు కూడా ఆయనదే అవుతుంది.

డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్లో ఈ సంగతి చెబితే ఒకటే నవ్వు. అక్కడ పాత సామాను తీసుకెళ్ళే కంపెనీలు లారీలో పావు నిండిందా, సగం నిండిందా అని చూసి డబ్బు తీసుకుంటాయట. పరుపుకీ ఫ్రిజ్జుకీ అదనం. చెత్త పారబోసే చోట మళ్ళీ టన్నుకింత అని ఫీజు కట్టాలి కాబట్టి అదీ మన బిల్లులోనే పడుతుంది. "మీకు ఎదురు డబ్బు ఇస్తారా? అదృష్టవంతులే అక్కా!" అంది.

ఆ అదృష్టం ఊరికే రాలేదు లెండి. మన దగ్గర బండబ్బాయి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి పెద్ద ఊళ్ళో గోడౌనుకి, అక్కడినుంచి కొలిమికో మిల్లుకో పోయే దారి ఒకటుంది. ఒక్కో మెట్టు దగ్గరా కిలోకి కొంత మిగుల్చుకుంటారు. అందుకే గుమ్మం దగ్గర చెప్పే ధరకీ, కొట్లో చెప్పే ధరకీ తేడా ఉంటుంది. పది కిలోల పేపర్లకి ఆటో కట్టించుకుని కొట్టుకి పోవడం దండగ. ఇత్తడైతే తప్పకుండా వెళ్ళాలి.

"ముట్టుకోకుండా వదిలేయండి" అంటే...

నాకు అనుమానం తెప్పించింది ఆ మాటే. వేరుచేస్తే విలువ తెలిసిపోతుందన్నమాట! మా ఆడపడుచూ నేనూ కొంగులు బిగించి ఒక పూట కూర్చున్నాం. ఇత్తడి ఒక పక్క, సత్తు గిన్నెలు ఒక పక్క, ఇనుము, పేపరు, ప్లాస్టిక్కు... అంతే, పెద్ద విద్యేం కాదు.

రాగి బాయిలరు 6 కిలోలు తూగింది. ఆ రోజు కొట్లో రాగి 600, అంటే 3600 రూపాయలు. ఇత్తడి మొత్తం 23 కిలోలుంది, కిలో 380 అన్నారు. అంటే 8740. ఈ రెండూ కలిపితేనే 12 వేలు దాటింది! ఇంకా ఇన్వర్టరు బ్యాటరీ ఉంది. దాని బరువులో ఎక్కువ భాగం సీసమే కాబట్టి చచ్చిన బ్యాటరీకి కూడా మంచి ధరే ఉంటుంది. దాన్ని పాత సామాన్లలో కలపకుండా బ్యాటరీల కొట్టుకి తీసుకెళితే కొత్తదాని ధరలో 4000 తగ్గించారు. 7000 అన్నాయన అటక దిగుతూ ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది.

అలాగని ఆయన్ని తిట్టుకోను. గుత్తలో నష్టం వస్తే అదీ ఆయనదే. రాగి ధర తణుకులో తేలేది కాదు మరి. లండన్‌లో 1877 నుంచీ లోహాల ఎక్స్ఛేంజి ఒకటుంది. అక్కడ ధర కదిలితే ఇక్కడ మన బాయిలరు ధరా కదులుతుంది. ఇవాళ కొని వచ్చేవారం అమ్మేవాడు ఆ వారం భయానికి కూడా ధర కట్టుకుంటాడు. మీరు చదివే రోజుకి పైన చెప్పిన ధరలు అలాగే ఉంటాయని అనుకోకండి. ముందురోజు రెండు కొట్లకి ఫోన్ చేసి అడగండి.

మేము ఇత్తడి తీసుకెళ్ళిన కొట్లో కింద కూర్చుని సరుకు వేరుచేసే ఒకావిడ ఉన్నారు. చేతిలో చిన్న అయస్కాంతం, దారం కట్టి. స్టీలు గిన్నెని తాకించి చూస్తున్నారు. "అంటుకుంటే ఇనుము లెక్కండి. అంటుకోపోతే మంచి స్టీలండి, దానికి ధరెక్కువ" అన్నారు. ఇత్తడి అనుకున్న మా పూలకుండీకి అయస్కాంతం టక్కున అతుక్కుంది. లోపలంతా ఇనుమే, పైన పూత! ఆవిడకి ముట్టుకుంటేనే తెలిసిపోయే విద్య, రోజుకూలీకి చేస్తున్నారు. ధర చెప్పేది మాత్రం గల్లాపెట్టె దగ్గరాయన.

ఫ్యానూ, మోటారూ అంతే. వాటి విలువ రెక్కల్లో లేదు, లోపలి రాగి చుట్టలో ఉంది. పాత ఫ్రిజ్జు విలువ కంప్రెసర్‌లో. డొక్కు టీవీకి అయిదూ పదీ కూడా రాదు, ఎందుకంటే ఆ గాజు బుడ్డిలో సీసం కలిసి ఉంటుంది, ఎవరికీ పనికిరాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లింగు వాళ్ళకే చేరాలి. కొత్తది కొనేటప్పుడు పాతది పట్టుకెళ్ళమని షాపువాళ్ళనే అడగడం నయం. ఎక్కడో ఖాళీస్థలంలో వైర్ల తొక్క కాల్చి రాగి తీస్తుంటే ఆ నల్లపొగ పీల్చేది చిన్నపిల్లలే.

ఉప్పు పాకెట్టు పరీక్ష

ఇక తూకం సంగతి. ఇది మాత్రం ప్రతి ఇల్లాలికీ పనికొస్తుంది.

ఇనుము, పేపర్లు తూచడానికి ఇంటికొచ్చిన అబ్బాయి కొక్కెం కాటా తెచ్చాడు. నేను వంటింట్లోంచి సీలు తీయని కిలో ఉప్పు పాకెట్టు తెచ్చి "బాబూ, ముందు ఇది తగిలించు" అన్నాను. 900 చూపించింది! "బ్యాటరీ వీకయ్యుంటదండి" అన్నాడు. ఇంకో కాటా తెచ్చేదాకా ఆగాం. తెచ్చాడు, అది సరిగ్గానే ఉంది. ఉప్పు లేకపోతే లీటరు సీసాలో నిండుగా నీళ్ళు పోయండి, సీసా బరువు పోను కిలో ఉండాలి.

కిలోకి వంద గ్రాములేగా అనుకుంటాం. మా పేపర్లు, పుస్తకాలు 85 కిలోలు. ఎనిమిదిన్నర కిలోలు పోతే, కిలో 12 చొప్పున 102 రూపాయలు. అదే కాటా మీద 14 కిలోల ఇత్తడి తూస్తే 532 రూపాయలు హుష్! మనం గంటసేపు పోట్లాడేది మాత్రం పేపర్ల దగ్గర.

ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తక్కెడకీ తూకపురాళ్ళకీ రెండేళ్ళకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. కొట్లో అయితే "ముద్ర చూపించండి" అని అడగొచ్చు. బండబ్బాయిని అడిగితే మన వంక వింతగా చూస్తాడనుకోండి! అప్పుడు ఉప్పు పాకెట్టే గతి. పేపర్ల బరువుకి మన లెక్క మనకుంటే మంచిది. పదహారు పేజీల దినపత్రిక ఒకటి 60 గ్రాముల పైచిలుకు తూగుతుంది, నెలకి దాదాపు రెండు కిలోలు. మూణ్ణెల్లవి కట్టకట్టి ఇస్తే ఆరు కిలోలకి అటూ ఇటూగా ఉండాలి. అనుబంధాలు అదనం. చినగని, తడవని పేపరుకి ధరెక్కువ కాబట్టి ముసురు పట్టకముందే ఇచ్చేయండి.

తూకానికి రానివి

23 కిలోల ఇత్తడిలో 14 మాత్రమే అమ్మాం. 9 కిలోల గంగాళం దగ్గర అత్తయ్య "అది మాత్రం తూకానికి కాదమ్మా" అన్నారు. వాళ్ళ నాన్నగారు అజ్జరంలో దగ్గరుండి చేయించి సారెలో పెట్టినదట. కాటా లెక్కన 3420 రూపాయలు. కొత్తది అలాంటిదే కొనాలంటే మజూరీతో కలిపి ఎంతవుతుందో ఊహించుకోండి. పాత్రల కొట్లో మార్పిడికి ఇచ్చినా తరుగు తీసేస్తారు, పైగా కొత్తదానికి మజూరీ కలుపుతారు. వాడుకునే ఉద్దేశం ఉంటే ఇత్తడిని అమ్మకపోవడమే లాభం. ఆ గంగాళం ఇప్పుడు మా బాల్కనీలో ఉంది, జాగా తింటూ!

టేకు తలుపులూ ద్వారబంధాలూ కిలోల్లో ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కలపని ఘనపుటడుగుల్లో కొలుస్తారు. పాత ఇల్లు పడగొట్టే మేస్త్రీలు కూలీ అడక్కుండా ఎదురు డబ్బిచ్చేది ఆ దూలాలూ తలుపుల కోసమే. స్థలం బిల్డరుకి ఇచ్చేటప్పుడు ఆ కలప ఎవరిదో కాగితంలో రాయించుకోండి. మా దానిలో రాయలేదు. అడిగితే "అది మామూలుగా మాదేనండి" అన్నారు. ఎవరి మామూలో!

మూడు పరుపుల్లో రెంటిలో దూది బాగానే ఉందని మళ్ళీ ఏకించి దిళ్ళు కుట్టించాం. మూడోది పారేయక తప్పలేదు.

ఎక్కడ పోస్తావు బాబూ?

బరువు సరుకంతా అమ్మాక మిగిలింది ఒక్క ట్రిప్పు. ఆటోకి 1200, ఇద్దరు మనుషులకి 1400. మొత్తం 2600 చాలన్నాడు. తీరా లోడయ్యాక "ఎక్కడ పోస్తావు బాబూ?" అని అడిగాను. "గోస్తనీ గట్టున పడేత్తామండి, అందరూ అక్కడేగా" అన్నాడు. ధర తక్కువ పలికిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఇదే. తీసుకెళ్ళడానికే గానీ, సరిగ్గా పారేయడానికి మనం ఇచ్చింది ఏమీ ఉండదు. మునిసిపాలిటీ వాళ్ళు చెప్పిన చోటికి వెళ్ళమంటే దూరం కాబట్టి ఇంకో 800 అడిగాడు. ఇచ్చాం.

ఇల్లు పడగొట్టిన మట్టీ ఇటుక ముక్కలయితే దీంట్లో కలపకూడదు, అది ట్రాక్టరు లోడు లెక్కన వేరే బేరం. హైదరాబాదులో అలాంటిది పిండిచేసి మళ్ళీ వాడటానికి జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ప్లాంట్లు పెట్టారు. చిన్న ఊళ్ళకి ఇంకా చెరువు గట్లే దిక్కు.

రాగి 3600, ఇత్తడి 5320, ఇనుము 62 కిలోలు 28 చొప్పున 1736, పేపరు 1020, సత్తు 9 కిలోలు 120 చొప్పున 1080. మొత్తం 12,756. పారేయడానికి అయిన 3400 పోను 9356 రూపాయలు అత్తయ్య చేతిలో పెట్టాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "మరి ఆ మరచెంబు ఏ తూకంలో వేశారే?" అని అడిగారు. అది నా సూట్‌కేసులో చీరల మధ్య ఉంది.